మెక్‌క్లెలన్, గ్రాంట్: రెండో ర్యాంకూ ఇరవై ఒకటో ర్యాంకూ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని మెక్‌క్లెలన్ వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో రెండో ర్యాంకు, 34 ఏళ్లకే మేజర్ జనరల్. అదే ఉత్తరాది పక్షాన పోరాడిన గ్రాంట్‌ది 21వ ర్యాంకు, సైన్యం వదిలేసి తోలు కొట్లో కూర్చున్నవాడు. గెలిచింది మాత్రం గ్రాంట్. మెక్‌క్లెలన్ నిజంగా అంత చేతగానివాడా, లేక గ్రాంట్ దగ్గర జనం ఎక్కువ ఉండబట్టి గెలిచాడా? చివర్లో, జూన్‌లో పిల్లలతో రిచ్‌మండ్ వస్తున్నాం, ఏం చూడాలి అని కూడా అడిగారు.

నేను రిచ్‌మండ్ పక్కనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలను ఈ యుద్ధభూముల వెంట తిప్పి విసిగించడం నాకు అలవాటు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెక్‌క్లెలన్ చేతగానివాడు కాదు. గ్రాంట్ మందబలంతో గెలవలేదు. ఎదుటివాడి దగ్గర ఎంత బలం ఉందో తెలియనప్పుడు ఏం చేశారన్న చోటే ఇద్దరికీ తేడా వచ్చింది. ఆ పాఠం గ్రాంట్‌కు తన కింద వెయ్యి మంది కూడా లేని రోజుల్లో, ఒక్క ప్రాణం పోకుండా దొరికింది. మెక్‌క్లెలన్ చేతికి మాత్రం నేరుగా లక్ష మందిని ఇచ్చేశారు.

మెక్‌క్లెలన్ ఫిలడెల్ఫియాలో పేరున్న సర్జన్ గారి అబ్బాయి. అక్కడి జెఫర్సన్ మెడికల్ కాలేజీని స్థాపించింది ఆయన తండ్రే. పదహారేళ్లు నిండకుండానే మినహాయింపు మీద 1842లో వెస్ట్ పాయింట్‌లో చేరి, 1846లో 59 మందిలో రెండోవాడిగా బయటికొచ్చాడు. తర్వాత దక్షిణాది జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్‌గా పేరు మోగిన ఆయన అదే క్లాసులో 17వ వాడు. గెటిస్‌బర్గ్ దాడితో చరిత్రకెక్కిన పికెట్ అందరికంటే ఆఖరు. (పిల్లల ర్యాంకుల గురించి టెన్షన్ పడే మన తల్లిదండ్రులకు ఈ జాబితా ఒకసారి చూపించాలి.) మెక్‌క్లెలన్ మెక్సికో యుద్ధంలో ఇంజనీరుగా పనిచేశాడు. 1855లో క్రిమియా యుద్ధాన్ని చూసి రమ్మని అమెరికా పంపిన ముగ్గురు అధికారుల్లో అందరికంటే చిన్నవాడు ఆయనే. తిరిగొచ్చి గుర్రపు జీను ఒకటి తయారుచేస్తే, అమెరికా అశ్వికదళం గుర్రాలు ఉన్నంతకాలం దాన్నే వాడింది. 1857లో సైన్యం వదిలి ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేలో చీఫ్ ఇంజనీరుగా చేరి, తర్వాత వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఆ రైల్వే తరఫున కేసులు వాదించిన లాయర్లలో అబ్రహాం లింకన్ ఒకరు. అంటే తర్వాతి రోజుల్లో తన యజమాని కాబోయే మనిషిని మెక్‌క్లెలన్ మొదట చూసింది కంపెనీ పెట్టుకున్న వకీలుగా. ఆ చూపు ఆయనకు చివరిదాకా పూర్తిగా పోలేదని నాకనిపిస్తుంది.

గ్రాంట్ ఒహాయోలో తోళ్లు పదును చేసే వ్యాపారి కొడుకు. ఆ పనన్నా ఆ వాసనన్నా ఆయనకు చిన్నప్పటి నుంచీ ఏవగింపు. అసలు పేరు హైరమ్ యులిసిస్. సీటుకు సిఫారసు చేసిన కాంగ్రెస్ సభ్యుడు పేరు తప్పు రాస్తే అదే ఖాయమైపోయింది. 1843లో 39 మందిలో 21వ వాడు. గుర్రమెక్కితే మాత్రం కాలేజీలో ఆయనను మించినవాడు లేడు. మెక్సికోలో పటాలానికి క్వార్టర్‌మాస్టర్‌గా చేశాడు. అంటే కంచరగాడిదలు, గుడారాలు, పిండి మూటలు, తూటాల పెట్టెలు సమయానికి చేర్చే పని. పేరు రాని పని అది. కానీ తర్వాత మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్ ఊరి పోరులో ఆయనను గట్టెక్కించింది అప్పుడు నేర్చుకున్న విద్యే.

ఆ తర్వాత పసిఫిక్ తీరానికి బదిలీ. భార్యాబిడ్డలు ఖండానికి అటు చివర ఉండిపోయారు. 1854లో రాజీనామా చేసేశాడు. తాగుడు వల్లే వెళ్లాల్సి వచ్చిందన్న మాట జీవితాంతం వెంటాడింది. సెయింట్ లూయిస్ దగ్గర మామగారిచ్చిన భూమిలో వ్యవసాయం చేశాడు, కలిసిరాలేదు. పూలమ్మిన చోట కట్టెలమ్మడం అని మనం మాటవరసకు అంటాం. గ్రాంట్ విషయంలో అది అక్షరాలా నిజం: కుర్ర లెఫ్టినెంటుగా తాను యూనిఫాం వేసుకుని తిరిగిన ఊరి వీధుల్లోనే బండి తోలుకుని వంటచెరకు అమ్మాడు. 1857 క్రిస్మస్ ముందు బంగారు గడియారం తాకట్టు పెడితే 22 డాలర్లు వచ్చాయి. ఇంత ఇబ్బందిలోనూ 1859లో, తన చేతికొచ్చిన విలియం జోన్స్ అనే బానిసను అమ్ముకోకుండా స్వేచ్ఛాపత్రం రాసిచ్చాడు. 1860లో ఇల్లినాయ్‌లోని గెలీనా ఊళ్లో తండ్రి గారి తోలు కొట్టుకు చేరాడు. కొట్టు నడిపేది తమ్ముళ్లు, ఈయన గుమాస్తా.

1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. అనుభవం ఉన్న అధికారులు కావాలి. గ్రాంట్ అర్జీ పెట్టుకుంటే వాషింగ్టన్ నుంచి జవాబే రాలేదు. అప్పటికి మెక్‌క్లెలన్ సిన్సినాటిలో పెద్ద హోదాలో ఉన్నాడు. తెలిసినవాడే కదా, తన కార్యాలయంలో ఏదైనా పని ఇస్తాడేమోనని గ్రాంట్ వెళ్లాడు. వరసగా రెండు రోజులు ఆఫీసుకు వెళ్లి వేచి చూశాడు. దర్శనం దొరకలేదు, తిరిగొచ్చేశాడు. ఆ రోజు తలుపు తెరుచుకుని ఉంటే గ్రాంట్ బహుశా మెక్‌క్లెలన్ దగ్గర ఫైళ్లు చూసుకునే కల్నల్‌గా మిగిలిపోయేవాడు. కొన్నాళ్లకు ఇల్లినాయ్ గవర్నర్ ఆయనకు 21వ రెజిమెంట్ అప్పగించాడు. క్రమశిక్షణ లేని కుర్రాళ్ల దండు అది.

ఇక అసలు సంగతి. 1861 వేసవిలో మిస్సోరి రాష్ట్రంలో ఫ్లోరిడా అనే పల్లె దగ్గర హ్యారిస్ అనే శత్రు కల్నల్ దిగి ఉన్నాడని తెలిసి గ్రాంట్ తన దండుతో బయల్దేరాడు. శత్రువు ఒక కొండ అవతల, వాగు ఒడ్డున ఉన్నాడు. కొండెక్కుతుంటే గుండె గొంతులోకి వచ్చేసిందని, ఇల్లినాయ్‌లో ఇంటి దగ్గర ఉంటే ఎంత బాగుండునని అనిపించిందని, కానీ ఆగి ఆలోచించుకునే ధైర్యం కూడా లేక అలాగే నడిచానని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. పైకెక్కి చూస్తే విడిది ఖాళీ. హ్యారిస్ ముందే పారిపోయాడు. నేను అతనికి ఎంత భయపడ్డానో అతనూ నాకు అంతే భయపడ్డాడన్న సంగతి అప్పుడే తట్టింది, ఆ తర్వాత దాన్ని ఎప్పుడూ మరిచిపోలేదు అంటాడు గ్రాంట్.

ఈ ఒక్క పేరా దగ్గర పెట్టుకుని మిగతా యుద్ధమంతా చూడండి.

అదే జూలైలో మెక్‌క్లెలన్ పశ్చిమ వర్జీనియాలో రిచ్ మౌంటెన్ దగ్గర ఓ చిన్న విజయం సాధించాడు. అసలు పోరు నడిపింది ఆయన కింది అధికారి రోజ్‌క్రాన్స్. పది రోజులకే బుల్ రన్ దగ్గర ఉత్తరాది సైన్యం చిత్తుగా ఓడింది. గెలిచిన జనరల్ ఎవరా అని దేశమంతా వెతుకుతుంటే కళ్లముందు కనపడింది మెక్‌క్లెలన్. వెంటనే వాషింగ్టన్‌కు పిలిపించారు. నవంబరు 1 నాటికి దేశం మొత్తానికీ సర్వసేనాని. రెండు బాధ్యతలు ఎక్కువవుతాయేమో అని లింకన్ అంటే, అంతా నేను చేసుకోగలను అన్నాడు. అప్పటికింకా 35 నిండలేదు.

ఆయన చేసిన మంచి పని ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. బుల్ రన్ నుంచి తుపాకులు పారేసి పరుగెత్తొచ్చిన గుంపును కొన్ని నెలల్లో సైన్యంగా మార్చాడు. డ్రిల్లు, తిండి, బూట్లు, ఫిరంగులు, అన్నిటికంటే ముఖ్యంగా ఆత్మగౌరవం ఇచ్చాడు. సిపాయిలు ఆయనను ప్రాణంగా చూసుకున్నారు. 1862 మార్చిలో సుమారు 1,20,000 మందిని, 15,000 దాకా గుర్రాలనూ కంచరగాడిదలనూ, 1,150 బండ్లను, 44 ఫిరంగి దళాలను 400 దాకా ఓడల మీద వర్జీనియా ద్వీపకల్పానికి చేర్చాడు. ఆ కాలానికి అది మామూలు విషయం కాదు. తర్వాత రెండేళ్లకు గ్రాంట్ నడిపించిన సైన్యం పుట్టుకా పెంపకమూ మెక్‌క్లెలన్ చేతుల మీద జరిగినవే.

కష్టమంతా శత్రువును లెక్కపెట్టే చోట వచ్చింది. వేగుల బాధ్యత డిటెక్టివ్ అలన్ పింకర్టన్‌ది. ఆయన తెచ్చే అంకెలే ఎక్కువ. వాటిమీద మెక్‌క్లెలన్ ఇంకొంచెం కలుపుకునేవాడు. సెంటర్‌విల్‌లో శత్రువు ఫిరంగులని నెలల తరబడి భయపడ్డవాటిలో కొన్ని నల్లరంగు పూసిన చెట్టు దుంగలని, వాళ్లు ఖాళీ చేసి వెళ్లాక తేలింది. యార్క్‌టౌన్ దగ్గర మగ్రూడర్ అనే దక్షిణాది జనరల్‌కు నాటకాల పిచ్చి. తన దగ్గరున్న సుమారు 13,000 మందిలో అదే దండును చెట్ల మధ్య ఖాళీలో మళ్లీ మళ్లీ చుట్టు తిప్పించి పెద్ద సైన్యం వస్తున్నట్టు చూపించాడు. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు కూడా బెదరవంటారు. మెక్‌క్లెలన్ నెలరోజులు ఆగి, భారీ ఫిరంగులు తెప్పించి, పద్ధతి ప్రకారం ముట్టడికి సిద్ధమయ్యాడు. ఇక పేల్చడమే తరువాయి అనగా శత్రువు రాత్రికి రాత్రి జారుకున్నాడు.

అక్కడి నుంచి దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ గుమ్మం దాకా వచ్చాడు. ఊళ్లో చర్చి గంటలు సైనికులకు వినపడేంత దగ్గర. మే 31న మొదలైన పోరులో దక్షిణాది సేనాని జాన్‌స్టన్ గాయపడితే రాబర్ట్ ఈ. లీ వచ్చాడు. జూన్ 25 నుంచి జూలై 1 వరకు జరిగిన వాటిని ఏడు రోజుల యుద్ధాలంటారు. లీ దగ్గర 2,00,000 మంది ఉన్నారని మెక్‌క్లెలన్ నమ్మాడు. నిజానికి ఉన్నది 90,000 చిల్లర. ఏడు రోజుల్లో లీ స్పష్టంగా గెలిచింది గేన్స్ మిల్ ఒక్కటే, అది జూన్ 27న. మొత్తంమీద లీ పోగొట్టుకున్నది 20,000, మెక్‌క్లెలన్ 16,000. చివరి రోజు మాల్వర్న్ హిల్ మీద ఉత్తరాది ఫిరంగులు లీ దండును చెండాడాయి. అయినా వెనక్కి తగ్గింది మెక్‌క్లెలన్. జూన్ 30న గ్లెండేల్ దగ్గర సైన్యం ప్రాణాలొడ్డి పోరాడుతుంటే ఆయన జేమ్స్ నదిలో యుద్ధనౌక మీద ఉన్నాడు. ఆ నౌక పేరు గెలీనా, అంటే గ్రాంట్ గుమాస్తాగిరీ చేసిన ఊరి పేరే. చరిత్ర ఇలాంటి వేళాకోళాలు అప్పుడప్పుడు చేస్తుంది.

ఇప్పుడు అదే సంవత్సరం ఫిబ్రవరికి, టెనెసీలో ఫోర్ట్ డోనెల్సన్‌కు రండి. 15వ తేదీ ఉదయం గ్రాంట్ నది మీద గాయపడ్డ నావికాదళ అధికారిని చూడ్డానికి వెళ్లాడు. ఆయన లేనప్పుడు శత్రువు కోట నుంచి విరుచుకుపడి కుడివైపు దండును చెల్లాచెదురు చేశాడు. తిరిగొచ్చేసరికి అంతా గందరగోళం. పట్టుబడ్డ శత్రు సిపాయిల సంచుల నిండా రోజులకు సరిపడా తిండి ఉందని, వాళ్లు ఎన్ని రోజులైనా పోరాడతారని సిపాయిలు చెప్పుకుంటున్నారు. గ్రాంట్ ఆ మాటనే తిరగేసి చదివాడు: కోటలో ఉండి పోరాడేవాడు తిండి మూట కట్టుకుని బయటికి రాడు, వీళ్లు పారిపోవాలని చూస్తున్నారు, అంటే ఎడమవైపు కోట ఖాళీగా ఉంటుంది. వెంటనే అటు దాడికి పంపాడు. మర్నాడు కోట లొంగింది. షరతులేమిటి అంటే, బేషరతుగా తక్షణం లొంగిపోవడమే అని రాశాడు. లొంగిన జనరల్ బక్నర్ పాత స్నేహితుడు. 1854లో న్యూయార్క్‌లో గ్రాంట్ హోటల్ బిల్లు కట్టలేక నిలబడితే ఆదుకున్నది ఆయనే.

ఒక తిండి సంచి. మెక్‌క్లెలన్ అయితే అందులో శత్రువుకున్న సరుకును చూసేవాడని నా నమ్మకం. గ్రాంట్‌కు అందులో శత్రువు భయం కనపడింది.

దీని తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. గ్రాంట్ నుంచి రిపోర్టులు సరిగ్గా రావడంలేదని పై అధికారి హాలెక్ వాషింగ్టన్‌కు ఫిర్యాదు చేశాడు. సర్వసేనాని మెక్‌క్లెలన్ మార్చి 3న ఇచ్చిన జవాబు: సైన్యం మేలుకు అవసరమనుకుంటే అతన్ని వెంటనే అరెస్టు చేయడానికి వెనకాడవద్దు. ఉత్తరాదికి అప్పటిదాకా దక్కిన అతి పెద్ద విజయం సాధించిన మనిషి గురించి, రెండు వారాలకే ఆ మాట! ఎనిమిది రోజులకు లింకన్ మెక్‌క్లెలన్‌ను సర్వసేనాని పదవి నుంచి తప్పించాడు. గ్రాంట్ మీద గొడవా సద్దుమణిగింది.

గ్రాంట్‌ను మరీ నెత్తికెత్తుకోకండి, తప్పులు ఆయనవీ పెద్దవే. 1862 ఏప్రిల్ 6న షైలో దగ్గర కందకాలు కూడా తవ్వకుండా విడిది చేసి, తెల్లారేసరికి దాడికి చిక్కాడు. రెండు రోజుల్లో ఆయన వైపే 13,000 మంది పోయారు, గాయపడ్డారు లేదా చిక్కారు. అదే సంవత్సరం డిసెంబరులో తన పరిధిలోంచి యూదులందరినీ వెళ్లగొట్టమని ఒక సిగ్గుమాలిన ఉత్తర్వు ఇచ్చాడు. లింకన్ దాన్ని రద్దు చేయించాడు. దానికి సాకులు లేవు.

అయితే షైలో మొదటి రోజు రాత్రి వానలో, చెట్టు కింద నిలబడ్డ గ్రాంట్ దగ్గరికి ఆయన కింది జనరల్ షెర్మన్ వెనక్కి తగ్గుదామని చెప్పాలనుకుని వచ్చాడట. ఆ మాట నోట రాక, ఈరోజు మనకు నరకం కనపడింది అన్నాడు. గ్రాంట్ చుట్ట పీలుస్తూ, అవును, రేపు వాళ్లను చితగ్గొడదాం అన్నాడు. మర్నాడు అలాగే చేశాడు.

మెక్‌క్లెలన్‌కు దేవుడు వరమిచ్చినట్టు ఒక అవకాశం కూడా వచ్చింది. 1862 సెప్టెంబరు 13న మేరీలాండ్‌లో ఫ్రెడరిక్ ఊరి దగ్గర, ఇండియానా దండులో ఒక కార్పొరల్‌కు గడ్డిలో కాగితం చుట్టిన మూడు చుట్టలు దొరికాయి. ఆ కాగితం లీ రాయించిన 191వ నంబరు ఉత్తర్వు. లీ సైన్యం ఏ ముక్క ఎక్కడుందో అందులో ఉంది. దీన్ని పెట్టుకుని కూడా లీని ఓడించలేకపోతే ఇంటికి పోతానన్నాడు మెక్‌క్లెలన్. కానీ సైన్యం కొండ కనుమల మీదికి కదిలింది మర్నాడు. ఈలోగా లీ మేలుకుని ముక్కల్ని కూడగట్టుకోవడం మొదలుపెట్టాడు. 17న యాంటీటమ్ వాగు దగ్గర పోరు. మెక్‌క్లెలన్‌కు సుమారు 87,000, లీకి 40,000 లోపు. మెక్‌క్లెలన్ లెక్కలో మాత్రం లీ దగ్గర ఉన్నది లక్షకు పైనే. ఒకే రోజున రెండు వైపులా కలిపి 22,700 మంది దాకా చనిపోయారు, గాయపడ్డారు, కనపడకుండా పోయారు. అమెరికా చరిత్రలో ఇంత రక్తం పారిన రోజు ఇంకోటి లేదు. అంత ఘోరంలోనూ మెక్‌క్లెలన్ తన దండులో మూడోవంతును దాదాపు తాకకుండా దాచిపెట్టాడు. లీ దగ్గర కూడా అలాంటి దాపుడు దండు ఉండి తీరుతుందని ఆయన భయం. లేదు. 18న ఊరుకున్నాడు. ఆ రాత్రి లీ నది దాటి వెళ్లిపోయాడు. చేతికందిన ముద్ద నోటిదాకా రాలేదు.

లీ వెనుదిరిగాడు కాబట్టి దీన్ని విజయంగా తీసుకుని లింకన్ 22న బానిస విముక్తి ప్రకటన ముందస్తు ప్రతిని విడుదల చేశాడు. అది మెక్‌క్లెలన్‌కు నచ్చని పని. బానిసత్వం జోలికి పోవద్దని జూలైలోనే లింకన్ చేతికి ఉత్తరం ఇచ్చిన మనిషి ఆయన. తన గెలుపే ఆ ప్రకటనకు దారి చేసింది. అక్టోబరు చాలావరకు కదల్లేదు. గుర్రాలకు నాలుక పుళ్లు, అలసట అని తంతి పంపితే లింకన్ జవాబిచ్చాడు: యాంటీటమ్ తర్వాత అలసిపోయేంత పని మీ గుర్రాలు ఏం చేశాయో అడగవచ్చా? నవంబరు 7 రాత్రి మంచు కురుస్తుండగా ఒక అధికారి ఆయన గుడారానికి తొలగింపు ఉత్తర్వు తెచ్చిచ్చాడు. ఆయన సైనిక జీవితం అక్కడితో సరి.

పైవాళ్లతో నడుచుకోవడంలో కూడా ఇద్దరికీ ఎంత తేడా ఉందో చూడండి. 1861 నవంబరులో ఒక రాత్రి లింకన్, విదేశాంగ మంత్రి సెవార్డ్ మెక్‌క్లెలన్ ఇంటికొచ్చి కూర్చున్నారు. ఆయన పెళ్లికి వెళ్లి వచ్చి, ప్రెసిడెంటు కూర్చున్నారని చెప్పినా మేడమీదికి వెళ్లిపోయాడు. అరగంట తర్వాత కబురు పెడితే, అయ్యగారు పడుకున్నారని జవాబు. గేన్స్ మిల్ ఓటమి రాత్రి యుద్ధమంత్రికి పంపిన తంతిలో, ఈ సైన్యాన్ని బలిపెట్టడానికి మీరు చేయగలిగిందంతా చేశారు అని రాశాడు. చదివిన తంతి అధికారి బెదిరిపోయి చివరి వాక్యాలు కొట్టేసి లోపలికి పంపాడు. 1864 మే 1న, అప్పటికి సర్వసేనాని అయిన గ్రాంట్ పెద్ద దండయాత్రకు ముందు లింకన్‌కు రాసిన ఉత్తరంలో మాట ఇది: నేను ఆశించినంత విజయం రాకపోతే, కనీసం ఇంతమాత్రం చెప్పగలను, తప్పు మీది కాదు.

జనం ఎక్కువ ఉండబట్టేనా అన్న ప్రశ్నకు విక్స్‌బర్గ్ చాలు. 1863 ఏప్రిల్ 30న గ్రాంట్ మిసిసిపీ నదిని ఊరికి దిగువన దాటాడు. మొదట వెంట ఉన్నది 23,000 మంది. వెనక పెద్ద నది, ముందు రెండు శత్రు సైన్యాలు. ఆ రెండూ కలిస్తే ఈయనకంటే బలం. ఇది ప్రమాదమని షెర్మన్ రాతపూర్వకంగానే అభ్యంతరం చెప్పాడు. గ్రాంట్ పల్లెల్లో దొరికిన తిండీ బండ్లూ వాడుకుంటూ, రెండు దండుల మధ్యలోకి దూరి, 17 రోజుల్లో ఐదు పోరాటాలు గెలిచాడు. శత్రువు కలిసేలోపే విడివిడిగా కొట్టడం. తర్వాత 47 రోజుల ముట్టడి. జూలై 4న 29,000కు పైగా సైన్యం లొంగిపోయింది. నది దాటిన దగ్గర్నుంచి ఆయనకైన నష్టం పదివేల లోపు. సంఖ్యాబలంతో గెలిచేవాడు చేసే యుద్ధం కాదిది.

1864కు వచ్చేసరికి మెక్‌క్లెలన్ అభిమానుల వాదన బలంగా ఉంటుంది. దాన్ని దాటవేయలేను. గ్రాంట్ మే మొదట్లో 1,20,000 మందితో బయల్దేరి ఆరువారాల్లో 55,000 మందిని పోగొట్టుకున్నాడు. చేరింది ఎక్కడికి? మెక్‌క్లెలన్ రెండేళ్ల కిందట అందులో కొంత నష్టంతోనే చేరిన చోటికి! పైగా 1862లో లీ సైన్యం ఎన్నడూ లేనంత పెద్దది, పక్కన జాక్సన్ ఉన్నాడు. 1864లో లీ దగ్గర 65,000, జాక్సన్ చనిపోయాడు. జేమ్స్ నది దాటి, రిచ్‌మండ్‌కు దక్షిణాన ఉన్న పీటర్స్‌బర్గ్ మీద పడదామని 1862 వేసవిలో మెక్‌క్లెలన్ కూడా అన్నాడు. హాలెక్ ఒప్పుకోలేదు. సరిగ్గా అదే పని 1864 జూన్‌లో గ్రాంట్ చేస్తే మేధావి అన్నారు. ఈ వాదనలో నిజముంది.

నా జవాబు ఏమిటంటే, చోటు ఒకటే అయినా చేరినప్పటి లీ ఒకడు కాదు. 1862 జూలైలో మెక్‌క్లెలన్ నది ఒడ్డున ఆగినప్పుడు లీ చేతులు ఖాళీ అయ్యాయి. రెండు నెలల్లో మేరీలాండ్ దాకా పోయి దాడి చేశాడు. 1864లో గ్రాంట్ ఆయనను ఒక్కరోజు వదల్లేదు. మే 7 రాత్రికల్లా వైల్డర్‌నెస్ అడవి పోరు ముగిసింది. రెండు రోజుల్లో 17,000 దాకా నష్టం. ఇంతకుముందు జనరల్స్ అందరూ ఇలాంటి దెబ్బ తగిలితే ఉత్తరానికి మళ్లారు. చీకట్లో నడుస్తున్న సిపాయిలు బ్రాక్ రోడ్డు కూడలి దగ్గర దండు దక్షిణానికి మళ్లిందని గమనించి కేకలు వేశారు. శత్రువుకు వినపడుతుంది, కేకలు ఆపమని చెప్పాల్సి వచ్చింది. ఆ కేకలు వేసింది మెక్‌క్లెలన్ తయారుచేసిన సైన్యం, అది గుర్తుంచుకోవాలి. ఆ వేసవి నుంచి లీ పీటర్స్‌బర్గ్ కందకాల్లో చిక్కుకుపోయాడు. అదే సమయంలో గ్రాంట్ పథకం ప్రకారం షెర్మన్ అట్లాంటా మీదికి కదిలి సెప్టెంబరులో దాన్ని పట్టుకున్నాడు. మెక్‌క్లెలన్‌దీ ఒకప్పుడు అదే సర్వసేనాని పదవే, కానీ దేశం నలుమూలలా ఒకేసారి ఒత్తిడి పెట్టించడం ఆయన వల్ల కాలేదు. 1865 ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో లీ లొంగిపోయాడు.

యుద్ధం తర్వాతి జీవితాలు త్వరగా చెప్పేస్తాను. మెక్‌క్లెలన్ 1864లో డెమోక్రాట్ల తరఫున లింకన్ మీద పోటీచేసి 212కు 21 ఎలక్టోరల్ ఓట్లతో ఓడిపోయాడు. తనను ప్రాణంగా చూసుకున్న సిపాయిల్లో కూడా నూటికి 70 మందికి పైగా లింకన్‌కే వేశారు. తర్వాత న్యూజెర్సీ గవర్నర్‌గా మూడేళ్లు బాగానే చేశాడు. గ్రాంట్ 1869 నుంచి 1877 వరకు ప్రెసిడెంటు. నల్లవాళ్లపై దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ ముఠాను అణచడంలో గట్టివాడు, తన చుట్టూ ఉన్న దొంగల్ని గుర్తించడంలో మెతక. 1884లో ఒక మోసగాడి చేతిలో ఉన్నదంతా పోయింది. గొంతు క్యాన్సర్‌తో ఆత్మకథ రాస్తూ రాస్తూ, పూర్తిచేసిన కొన్ని రోజులకే 1885 జూలై 23న పోయాడు. భార్యకు దానిమీద సుమారు 4,50,000 డాలర్లు వచ్చాయి. మెక్‌క్లెలన్ కూడా అదే 1885 అక్టోబరులో, 58 ఏళ్లకే గుండెజబ్బుతో చనిపోయాడు. ఆయన రాసుకున్న ఆత్మకథ తొలిప్రతి 1881లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయాడు. మిగిలినదాన్ని స్నేహితుడొకాయన, యుద్ధంలో భార్యకు రాసిన ఉత్తరాలు కలిపి అచ్చు వేయించాడు. భార్య దగ్గర మనసు విప్పి రాసుకున్న గొప్పలూ, లింకన్ మీద తిట్లూ అలా లోకానికి ఎక్కాయి. మెక్‌క్లెలన్ పేరును శత్రువులకంటే ఎక్కువ చెడగొట్టింది ఆ పుస్తకమే. రెండు పుస్తకాలనూ వేసింది ఒకే ప్రచురణ సంస్థ, రచయిత మార్క్ ట్వేన్‌ది.

మెక్‌క్లెలన్ మీద నేను చదివినవాటిలో అతి న్యాయమైన తీర్పు గ్రాంట్‌దే. పదవి దిగాక ప్రపంచయాత్ర చేస్తూ (1879లో మన బొంబాయిలో కూడా దిగాడు) వెంట ఉన్న విలేకరితో అన్నాడు: యుద్ధం తాలూకు నాకు అంతుపట్టని విషయాల్లో మెక్‌క్లెలన్ ఒకడు. మొదట్లోనే అంత భయంకరమైన బాధ్యత నెత్తిన పడింది. షెర్మన్‌లాగా, థామస్‌లాగా, మీడ్‌లాగా కింది నుంచి పోరాడుతూ పైకొచ్చి ఉంటే మాలో ఎవరికీ తీసిపోని పేరు తెచ్చుకునేవాడు కాదనడానికి నాకు కారణం కనపడదు. సిన్సినాటి ఆఫీసు గుమ్మం దగ్గర రెండు రోజులు నిలబడ్డ మనిషి అన్న మాట ఇది.

ఇక మీ ట్రిప్పు. పిల్లలతో వస్తున్నారు కాబట్టి మ్యూజియంతో మొదలుపెట్టకండి. పొద్దున్నే గేన్స్ మిల్‌కు వెళ్లండి. వాట్ హౌస్ అనే పాత ఇల్లు కనిపిస్తుంది. అక్కడి నుంచి అడవిలోకి దిగే బాటలో బోట్స్‌వెయిన్స్ వాగు దాకా వెళ్లి, వెనక్కి ఎక్కి రండి. 1862లో లీ సిపాయిలు తుపాకీ గుళ్ల మధ్య ఎక్కిన వాలు అదే. మీకు ఆయాసం వస్తుంది. తర్వాత కారెక్కితే కొద్ది నిమిషాల్లో కోల్డ్ హార్బర్. 1864 జూన్ 3న గ్రాంట్ చేయించిన దాడి అక్కడే విఫలమైంది, దానికి తాను ఎప్పుడూ పశ్చాత్తాపపడుతూనే ఉన్నానని ఆయనే రాశాడు. చెట్ల మధ్య కందకాల గట్లు ఇప్పటికీ నడుము ఎత్తున కొన్ని చోట్ల మిగిలి ఉన్నాయి. రెండు సేనానుల రెండు యుద్ధాలు, దాదాపు ఒకే నేల. మధ్యాహ్నం నుంచి హోప్‌వెల్‌లోని సిటీ పాయింట్‌కు వెళ్తే, పీటర్స్‌బర్గ్ ముట్టడి కాలంలో గ్రాంట్ ఉన్న చెక్క గది నది ఒడ్డున ఉంది. పిల్లలు ఇంతేనా అంటారు, మా వాళ్లూ అన్నారు. జూన్‌లో అడవి బాటల్లో పిడుదులు ఎక్కువ. అందరికీ ఫుల్ ప్యాంట్లు వేయించి, సాయంత్రం ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక ఒకసారి చూసుకోండి.